ఎనిమిదుంటే రక్తం ఎందుకు ఎక్కించరు

ఐసీయూలో నర్సుగా చేస్తున్నా కాబట్టి ఈ మాట వినని వారం ఉండదు, "రక్తం ఎనిమిదే ఉందంట కదమ్మా, ఇంకా ఎక్కించరేంటి?" అని. అడిగేవాళ్ల కళ్లల్లో భయం చూస్తే ఏదో ఒకటి చెప్పి పంపించబుద్ధి కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ ఎనిమిది అంటే హిమోగ్లోబిన్ నంబర్, రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థం ఎంతుందో చెప్పేది. ఒకప్పుడు అది పదికి తగ్గితే ఎక్కించేసేవాళ్లు. 1999లో కెనడా డాక్టర్లు 838 మంది ఐసీయూ పేషెంట్ల మీద చేసిన స్టడీ వచ్చాక అది మారింది. సగం మందికి ఏడు కంటే తగ్గితేనే ఎక్కించారు, మిగతావాళ్లకి పది కంటే తగ్గితే. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 18.7 శాతం, రెండో గుంపులో 23.3. ఆ తేడా రుజువు అనేంత గట్టిది కాదు, కానీ ఆగినందువల్ల నష్టమైతే కనపడలేదు కదా. అలాగని ఏడు అనేది అందరికీ ఒకటే గీత కాదు, రక్తం ధారగా పోతుంటే నంబర్ కోసం చూస్తూ కూర్చోం, హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకి ఇంకొంచెం పైనే ఉంచాలనే వాదన కూడా బలంగానే ఉంది.

ఒక ప్యాకెట్‌తో పెరిగేది సుమారు ఒక పాయింట్. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి అదే నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వచ్చేస్తుంది, అందుకే ఒకటి ఎక్కించి మళ్లీ చూసుకుని అప్పుడు రెండోది.

నాకు నిజంగా బాధనిపించేది వేరే, పొద్దున్నొకటి సాయంత్రమొకటి అని టెస్టుల కోసం మనమే రక్తం తీసేస్తుంటాం, లైన్‌లోంచి (రక్తనాళంలో పెట్టి ఉంచిన గొట్టంలోంచి) తీసేటప్పుడు మొదటి రెండు మూడు ఎంఎల్ పారబోస్తాం కూడా, రోజుల తరబడి అలా పోయేది తక్కువేం కాదు. చిన్న ట్యూబులు వాడితే సగం మిగులుతుంది, అవసరం లేని టెస్ట్ రాయకపోతే మొత్తం మిగులుతుంది!

ఎక్కించే రోజు మాత్రం ఇద్దరం నిలబడి పేరు, చేతి బ్యాండ్ నంబర్, గ్రూపు, ఎక్స్‌పైరీ పైకి చదువుకుంటాం. మొదటి పదిహేను నిమిషాలు నేను బెడ్ దగ్గర్నుంచి కదలను. వణుకొచ్చినా, జ్వరం తగిలినా, నడుం నొప్పి అన్నా ముందు క్లాంప్ కట్టేసి రక్తం ఎక్కడం ఆపేస్తా, ఆ తర్వాతే డాక్టర్‌కి ఫోన్.