ఊరి ఫైబర్ టెండరులో రాయాల్సిన లెక్కలు

సొంత బ్రాడ్‌బ్యాండ్ కోసం ఏ మున్సిపాలిటీయో, పంచాయతీయో ప్రతిపాదనలు పిలిస్తే ఆ కాగితాల్లో ముందు కనిపించేది కిలోమీటర్ల లెక్కే. ఇంత పొడవు కేబుల్, కిలోమీటరుకు ఇంత రేటు. బిల్లూ దాని మీదే కాబట్టి కాంట్రాక్టరు కేబుల్ వేసి చేతులు దులుపుకుంటాడు. ఫైబర్‌లో డేటా వెలుగు రూపంలోనే వెళ్తుంది, కానీ ఇంటిదాకా ఎంత వెలుగు చేరిందన్నది ఎవరి పద్దులోనూ ఉండదు.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. మండల కేంద్రంలో ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి వెలుగు పంపే ప్రధాన పరికరం) పెట్టి, 12 కిలోమీటర్ల అవతలి ఊరికి జీపాన్ లైన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే పద్ధతి) తీశాం అనుకోండి. వెలుగు ఎంత తగ్గిందో డెసిబెల్స్‌లో కొలుస్తారు. బి ప్లస్ రకం పరికరాలైతే దారిలో 28 డెసిబెల్స్ దాకా పోయినా పనిచేస్తాయి. 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఫైబర్ కిలోమీటరుకు సుమారు 0.35 తింటుంది, అంటే 4.2. ఒక ఫైబర్‌లోని వెలుగుని 32 ఇళ్లకు పంచే ఒకటికి 32 స్ప్లిట్టర్ 17 దాకా. ఎనిమిది స్ప్లైస్‌లు (ఫైబర్ చివరలు కలిపిన అతుకులు) 0.1 చొప్పున 0.8. నాలుగు కనెక్టర్లు అరేసి చొప్పున 2. మొత్తం 24. చేతిలో 4 మిగిలాయి.

పరికరాల ఖర్చు తగ్గిస్తామంటూ ఎవరో ఒకటికి 64 స్ప్లిట్టర్‌తో ప్రతిపాదన పెడతారు. దాంతో ఇంకో మూడున్నర పోయి అర డెసిబెల్ మిగులుతుంది. ప్రారంభోత్సవం రోజు అన్నీ పనిచేస్తాయి. తర్వాత రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ కేబుల్ కోస్తుంది. కోసినచోట చివరలు లాగితే అందవు కనుక మధ్యలో ముక్క వేస్తారు, అంటే ఒకసారి తెగితే రెండు కొత్త స్ప్లైస్‌లు. వానలో, దుమ్ములో హడావిడిగా చేస్తే ఒక్కో స్ప్లైస్‌లో 0.3 దాకా పోవచ్చు. అంతే, చివరి ఇళ్లలో ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె) మీద ఎర్ర లైటు. అందుకే అన్ని నష్టాలూ పోగా కనీసం 3 డెసిబెల్స్ మిగలాలని టెండరులోనే రాయాలి. వేగం లెక్కా ఇంతే: 32 ఇళ్లవాళ్లూ ఒకేసారి డేటా లాగినా జీపాన్ లైన్ ఇచ్చే సెకనుకు 2.488 గిగాబిట్లలో ఇంటికి 78 మెగాబిట్ల దాకా వస్తాయి, 64 అయితే అందులో సగమే.

పని పూర్తయిందంటే నమ్మకండి. ప్రతి కోర్‌కీ (కేబుల్‌లోని ఒక్కో ఫైబర్ పోగుకీ) రెండు చివర్ల నుంచీ, 1310, 1550 నానోమీటర్లు రెండింట్లోనూ ఓటీడీఆర్ (ఫైబర్ పొడవునా ఎక్కడ ఎంత వెలుగు పోతోందో చూపే పరికరం) ట్రేస్ ఫైళ్లు అడగండి. జాయింట్ పెట్టెలో కోర్‌ని బిగుతుగా చుట్టేస్తే 1310 లో పెద్దగా కనిపించదు, 1550 లో బయటపడుతుంది. ఒక్క తరంగదైర్ఘ్యంలోనే పరీక్ష చేసి చూపించేది చాలాసార్లు ఇందుకే. సొమ్ములో పెద్ద భాగం ఈ ట్రేస్‌లకు, తర్వాతి నిర్వహణకు ముడిపెట్టాలి.

నిర్వహణ విలువ పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ బాగా నేర్పింది. 2011లో ఆమోదం పొందిన ఆ పథకంలో మొదట లైన్లు చెట్టు కొమ్మల్లా వెళ్లాయి. ఒకచోట తెగితే ఆ అవతలి పంచాయతీలన్నీ పోయేవి. 2023లో సవరించినప్పుడు రింగ్ పద్ధతి తెచ్చి, పదేళ్ల నిర్వహణ కూడా కలిపారు. రింగ్ అంటే రెండు దారులు. రెండూ ఒకే కందకంలో వేస్తే అది రింగ్ కాదు, రెండు కేబుళ్లు అంతే. మ్యాపులో ఇది చూడాల్సిందే.

స్తంభాలా, కందకమా అన్నది ఊరిని బట్టి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద 24 కోర్ల కేబుల్ లాగింది: పని వేగం, తుపానుకు స్తంభంతోపాటు కేబులూ పడుతుంది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ డక్ట్ (కేబుల్ దూర్చే గొట్టం) వేశారు: తవ్వకం ఖర్చు కలిసొస్తుంది, పైపు లీకైతే తవ్వేవాడు డక్ట్‌ని చూడడు. తవ్వేముందు కేబుల్ యజమానికి చెప్పేందుకు 2023లో కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్ ఉంది. అందులో మన కేబుల్ దారి ఎక్కించే బాధ్యత ఎవరిదో రాయకపోతే ఎవరూ ఎక్కించరు.

అమెరికాలోని ఐడహోలో అమ్మన్ అనే చిన్న పట్టణం ఫైబర్‌ని తన చేతిలో ఉంచుకుని, సర్వీసు మాత్రం పలు కంపెనీలకు వదిలింది. నచ్చకపోతే ఇంటివాళ్లు కంపెనీ మారతారు, తీగ మారదు. మన టెండర్లలో కాంట్రాక్టు ముగిసేసరికి ఏం అప్పగించాలో సాధారణంగా ఒక వాక్యంతో సరిపెడతారు. జాబితా వేయండి: కేబుల్ దారి చూపే జీఐఎస్ (కంప్యూటర్) మ్యాపు, ఏ కోర్ ఏ ఇంటిదో చెప్పే పట్టిక, మిగిలిన కేబుల్ డ్రమ్ములు, ఓఎల్‌టీ అడ్మిన్ పాస్‌వర్డ్‌లు. పాస్‌వర్డ్ లేక ఉన్న ఓఎల్‌టీని పక్కన పెట్టి కొత్తది కొనాల్సి రావడం కంటే తిక్క ఖర్చు ఉండదు.