గంటన్నర ఆలస్యం

“కొంచెం ఓర్చుకోండి” అన్నాను. అమెరికాలోని ఒహాయోలో నర్సుగా ఆరేళ్లు పనిచేసినా నోట్లోంచి గుంటూరే ఊడిపడింది. చెల్లెలికి కిడ్నీ ఇచ్చి ఒక్క రోజే అయిన మనిషి, నొప్పి తట్టుకోలేక మార్ఫిన్ జాతి మాత్ర ఆక్సికోడోన్ అడుగుతున్నాడు. మా వార్డులో ఆ మాత్రలు తగ్గించాలని నియమం. నియమం పాటిస్తున్నాననే అనుకున్నాను.

సీనియర్ నర్సు పక్కకు పిలిచారు. “ఎనిమిదింటికి ఇవ్వాల్సిన టైలెనాల్ తొమ్మిదిన్నర అయినా ఇవ్వలేదు. నీ ఆలస్యాన్ని అతనెందుకు ఓర్చుకోవాలి?”

తల కొట్టేసినట్టయింది.

టైలెనాల్ అంటే మన పారాసిటమాలే. ఆపరేషన్ గదిలోనే పొట్ట కండరాల పొరల మధ్య తిమ్మిరి మందు ఎక్కిస్తారు. ఆ తరువాత నొప్పి ఉన్నా లేకున్నా గడియారం చూసి పారాసిటమాల్ వేయాలి. ఈ రెండూ సరిగ్గా నడిస్తేనే మార్ఫిన్ జాతి మందుల అవసరం తగ్గేది. దాత ఏ జబ్బూ లేకుండా వచ్చి కోత పెట్టించుకున్నవాడు. అలాంటివాణ్ణి మాత్రలకు అలవాటు చేసి ఇంటికి పంపడం పాపం కాదూ? అసలే ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాసుకు భుజాలు లాగేస్తుంటాయి, పైగా ఆ మాత్రలతో మలబద్ధకం. మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివేమో మిగిలిన ఒక్క కిడ్నీకి పడవని దూరం పెడతారు.

ఇదంతా తెలిసీ ఆ మాట ఎందుకు అన్నాను?

మా ఇంట్లో నొప్పిని పంటి బిగువున భరించినవాళ్లకే మర్యాద. నాన్న క్యాన్సర్‌తో పోయినప్పుడు వచ్చినవాళ్లంతా ఆయన ఓర్పునే పొగిడారు. నేనూ చాలాకాలం గర్వపడ్డాను. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఆసుపత్రికి లెక్కలేనన్ని అనుమతులు కావాల్సి వచ్చేది. 2014లో చట్టాన్ని సడలించారు, అప్పటికే నాన్న లేరు. ఆయన ఓర్చుకున్నారా, గతిలేక పడ్డారా? ఇక్కడేమో ఈ మందుల వ్యసనం 1990లలో డాక్టర్లు ధారాళంగా రాసిన మాత్రలతో మొదలైంది, చివరికి వీధుల్లో దొరికే ఫెంటానిల్ అనే మత్తుమందు దాకా వచ్చి 2021 ఒక్క ఏడాదిలోనే 80 వేల మందికి పైగా పోయారు. ఇప్పుడు తగ్గిస్తున్నారు. మాకు తగ్గించుకోవడానికైనా ఉంటేగా!

టైలెనాల్ ఇచ్చి, దిండు పొట్టకు అదిమి పట్టుకోమని, వరండాలో నెమ్మదిగా నడిపించాను. పదకొండింటికి అతను ఆక్సికోడోన్ ఊసే ఎత్తలేదు. కొత్త కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్షలో చెల్లెలి క్రియాటినిన్ ఎంతకు దిగిందని అడిగాడు.

ఆ గంటన్నరలో నా చేతికింద మరో నలుగురు ఉన్నారు, ఒకరికి రక్తం ఎక్కుతోంది. ఆ సంగతి సీనియర్‌కు చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.