సోషల్ మాస్టారి వాల్‌చంద్

మన బడి పూర్వ విద్యార్థుల సమావేశం సంచికకు ఏదైనా జ్ఞాపకం రాసి పంపమని కమిటీ వారు అడిగారు. జామచెట్టు ముఠా గురించీ, వరండా నాటకం గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం సోషల్ మాస్టారు మనకు పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ కథ చెప్పిన మధ్యాహ్నం గురించే రాస్తాను.

పాఠం పంచవర్ష ప్రణాళికలు. మన విశాఖ షిప్‌యార్డు పేరు రాగానే మాస్టారు పుస్తకం మూసేశారు. తర్వాతి లెక్కల పీరియడు కూడా ఆయనకే పోయింది. లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి విన్నారు, గుర్తుందా?

షోలాపూర్‌లో పుట్టి, రైల్వే కాంట్రాక్టులు చేసి, 1919లో బ్రిటిష్ కంపెనీలకు పోటీగా సింధియా అనే కంపెనీ పెట్టి ఓడలు నడిపిన మనిషి వాల్‌చంద్. 1939లో ప్రయాణంలో విలియం పాలీ అనే అమెరికన్ విమానాల వ్యాపారి పరిచయమయ్యాక విమానాలు ఇక్కడే తయారు చేయాలని పట్టుబట్టాడు. మైసూరు సంస్థానం స్థలమిచ్చింది, 25 లక్షల పెట్టుబడీ పెట్టింది. 1940 డిసెంబరు 23న బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది. మరుసటి జూన్‌లో మన ఊళ్లో షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆగస్టులో బెంగళూరులో హార్లో శిక్షణ విమానం ఎగిరింది. “మూడు నెలల్లో ఇటు ఓడ, అటు విమానం!” అంటూ మాస్టారు బల్ల మీద చరిచిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అదే నెలలో విమాన కర్మాగారంలో వాల్‌చంద్ వాటాను ప్రభుత్వం కొనేసింది. “కంపెనీ చేతిలోంచి పోయింది. మరి ఆయన చేసిన పని పోయిందా?” అని మాస్టారు అడిగితే వెనక బెంచీతో సహా అందరం “లేదు సార్!” అని అరిచాం.

కాలేజీ రోజులు వదిలేస్తున్నాను. ఆ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్టే తర్వాత హెచ్‌ఏఎల్ అయింది. నేను అందులోనే చేరి, కిరణ్ శిక్షణ విమానాల మరమ్మతు విభాగంలో పెద్ద బాధ్యతలు చూసి రిటైరయ్యాను. నేను సంతకం పెట్టి పంపిన విమానాల్లో వైమానిక దళం పిల్లలు ఎగరడం నేర్చుకున్నారు. ఆ తృప్తి చాలు నాకు.

మాస్టారు తాను రిటైరయ్యాక ఒకసారి బెంగళూరు వచ్చారు. హెచ్‌ఏఎల్ మ్యూజియంలో హెచ్‌టీ-2 శిక్షణ విమానం ముందు చాలాసేపు ఆగిపోయారు. మనవాళ్లు డిజైన్ చేసిన ఆ విమానం 1951లో ఎగిరింది, వాల్‌చంద్ 1953లో పోయారు. “అంటే ఆయన ఉండగానే ఎగిరిందన్నమాట! ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదరా ఆయనకి?” అన్నారు. చెప్పే ఉంటారని నేనూ గట్టిగా నమ్ముతున్నాను.

కమిటీ వారికి ఒక్క మనవి. సమావేశం రోజున తొమ్మిదో తరగతి పిల్లలతో నాకొక పీరియడు ఇప్పించండి. లెక్కల పీరియడైనా పరవాలేదు.