గడ్డ పుట్టడం వేరు, ముదరడం వేరు

రొమ్ము క్యాన్సర్ అనగానే మన ఒంగోలు వైపు మొదట అడిగేది, "వాళ్ల పుట్టింట్లో ఇంకెవరికైనా ఉందా?" అని. వంశపారంపర్య జన్యువుల వల్ల వచ్చేవి మొత్తం కేసుల్లో 5 నుంచి 10 శాతమే. వయసు, కాన్పులు, పాలివ్వడం, బరువు, మద్యం ప్రభావం చూపుతాయి. వాటితోపాటు ఆ మనిషి ఏ పొలాల మధ్య పెరిగిందో కూడా అడగవలసి ఉంది.

కాలిఫోర్నియాలో 1959-67 మధ్య దాచిన స్త్రీల రక్తనమూనాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పద్నాలుగేళ్లలోపే డీడీటీ అనే పురుగుమందు ప్రభావానికి లోనై, రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారికి, యాభై ఏళ్లలోపు ఈ జబ్బు వచ్చే ముప్పు ఐదు రెట్లు కనిపించింది. రొమ్ము కణజాలం ఎదిగే వయసులో సోకిన విషం దశాబ్దాల తర్వాత బయటపడవచ్చునన్నమాట. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీని నిషేధించింది 1989లో. అంతకుముందు నెల్లూరు వరిచేలల్లో నాట్లకు వెళ్లిన ఆడపిల్లలకు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లు; వాళ్ల రక్తాన్ని ఎవరూ దాచలేదు కనుక ఇక్కడ ఊహించగలమే తప్ప తేల్చి చెప్పలేము. అలాగని ప్రతి కాలుష్యాన్నీ దీనికి అంటగట్టడం కూడా నాకు నచ్చదు: చీమకుర్తి రాతిదుమ్ము దెబ్బతీసేది ఊపిరితిత్తులను.

మన దేశంలో ఈ జబ్బు పల్లెల్లో కంటే పట్టణాల్లోనే ఎక్కువ. అయితే జబ్బు రావడంలో వెనుకబడిన పేదరాలు దానితో చనిపోవడంలో ముందుంటుంది. అమెరికాలోనూ తెల్లజాతి స్త్రీల కంటే నల్లజాతి స్త్రీలకు ఇది కాస్త తక్కువగానే వస్తుంది, మరణాల రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే కూలిమనిషి నొప్పిలేని గడ్డను చూపించుకోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. సీజన్ అయ్యాక చూద్దామనుకుంటుంది, ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగుతుంది. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించినా, వారాల తరబడి రేడియేషన్ కోసం గుంటూరులోనో చెన్నైలోనో ఉండిపోయినప్పుడు పోయే కూలి ఎవరిస్తారు?

ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు సుమారు లక్షన్నర మంది స్త్రీలపై ఇరవై ఏళ్లు జరిపిన పరిశోధనలో, శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించినందువల్ల యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. దానికి రొమ్ము ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ యంత్రం అక్కర్లేకపోయింది. మన ఏఎన్ఎంలకు ఆ శిక్షణ ఇచ్చి, కూలి పోకుండా గ్రేడింగ్ షెడ్ల దగ్గరే, చాటుగా ఒక గదిలో ఆ పరీక్ష జరిపించవచ్చు.