గొట్టం వేసిన తేదీ

“ఆపరేషన్ బాగానే అయింది, ఆమీట ఇన్ఫెక్షన్ పాకి పాయెనప్పా.” కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎవరింటికైనా పరామర్శకు పోతే తరచూ వినే మాట ఇది. విన్నవాళ్లు తల ఊపి ఊరుకుంటారు, పిడుగు పడితే ఎవరిని అడుగుతాం అన్నట్టు. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్‌కు దారి ఉంటుంది. చాలాసార్లు ఆ దారి ఒక ప్లాస్టిక్ గొట్టం. అది ఒంట్లో ఎన్ని రోజులుగా ఉంది, ఇంకా అవసరమా అని రోజూ అడిగే వార్డుకీ, అడగని వార్డుకీ మధ్య తేడా ప్రాణాల్లో కనబడుతుంది.

చేరేనాటికి ఒంట్లో లేకుండా, చేరిన 48 గంటలు దాటాక మొదలైన ఇన్ఫెక్షన్‌ను ఆసుపత్రిలో సోకినదిగా లెక్కిస్తారు. ఆపరేషన్ గాయానికి గడువు ఇంకా ఎక్కువ. మామూలుగా 30 రోజులు, మోకాలి కీలు మార్చినా ఎముకకు రాడ్డు వేసినా 90 రోజులు. అందుకే డిశ్చార్జి అయి ఆదోనికో రాయచోటికో పోయిన మూడో వారంలో కుట్ల దగ్గర చీము కారితే, ఇంట్లో సరిగా చూసుకోలేదని కోడలిని తిట్టడం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ధనిక దేశాల ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి ఇలాంటి ఇన్ఫెక్షన్ కనీసం ఒకటి సోకుతోంది. సోకినవాళ్లలో సగటున పదిమందికి ఒకరు దానివల్లే చనిపోతున్నారు.

ఈ “దానివల్లే” అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఐసీయూలో ఉన్నవాళ్లు అసలే జబ్బు ముదిరినవాళ్లు. ఎక్కువ రోజులు ఉంటారు కాబట్టి సోకే అవకాశమూ వాళ్లకే ఎక్కువ. సోకినవాళ్లలో ఎంతమంది పోయారో లెక్కేసి, ఆ మొత్తాన్నీ ఇన్ఫెక్షన్ ఖాతాలో రాస్తే తప్పు. సోకకుండా ఉంటే వాళ్లలో ఎంతమంది బతికేవాళ్లు అన్నది అసలు ప్రశ్న. వెంటిలేటర్ మీద ఉండగా వచ్చే న్యుమోనియా గురించి 2013లో ఒక పరిశోధన 24 ట్రయల్స్‌లోని 6,284 మంది వివరాలను కలిపి చూసింది. ఆ న్యుమోనియాకే ఆపాదించదగిన మరణాలు సుమారు 13 శాతమని తేల్చింది. ఈ సగటు కన్నా దాని వెనకున్న సంగతి ముఖ్యం. జబ్బు తీవ్రత తక్కువగా ఉన్నవాళ్లలో, మరీ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ తెచ్చిన తేడా దాదాపు ఏమీ లేదు. మధ్యలో ఉన్నవాళ్లలో, ఆపరేషన్ అయినవాళ్లలో తేడా బాగా ఎక్కువ. మొదటివాళ్లు ఎలాగూ బయటపడతారు. చివరివాళ్లను అసలు జబ్బే తీసుకుపోతుంది. అటో ఇటో తేలని మనిషిని, గట్టెక్కే వీలున్న మనిషిని ముంచేది ఇదే. “ఎలాగూ సీరియస్ కేసే కదా” అనే మాట నాకు అస్సలు రుచించనిది అందుకే.

మన దేశంలో 26 ఆసుపత్రులకు చెందిన 89 ఐసీయూలు 2017 మే నుంచి 2018 అక్టోబరు దాకా ఒకే పద్ధతిలో లెక్క రాశాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకినవాళ్లలో దాదాపు 38 శాతం మంది, మూత్రంలో సోకినవాళ్లలో దాదాపు 28 శాతం మంది 14 రోజుల లోపే చనిపోయారు. పైన చెప్పిన జాగ్రత్తతోనే ఈ అంకెలను చదవాలి. అయినా రక్తంలో సోకినవాళ్లలో రెండు వారాల్లోనే మూడోవంతుకు పైగా అంటే చిన్న సంగతి కాదు.

ఇంత ఎక్కువ ఎందుకంటే, ఆసుపత్రిలో తిరిగే సూక్ష్మజీవులు ఊళ్లో తిరిగేవాటిలాంటివి కావు. క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్, సూడోమోనాస్ వంటివి ఏళ్ల తరబడి యాంటీబయాటిక్స్ మధ్య బతికి రాటుదేలినవి. మెరోపెనెమ్‌ లాంటి పెద్ద మందు కూడా ఐసీయూలోని ఎసినెటోబాక్టర్‌ మీద చాలాసార్లు పనిచేయదు. అప్పుడు మిగిలేది కొలిస్టిన్ లాంటి పాత మందు. అది కిడ్నీలను దెబ్బతీయగలదు. సుగరు, బీపీ ఉండి కిడ్నీలు ముందే అరిగిన మనిషికి ఇది రెండువైపులా పదునున్న కత్తి. ఇంతకన్నా పెద్ద నష్టం సమయం. మొదట ఇచ్చిన మందు ఆ సూక్ష్మజీవి మీద పనిచేయనిదైతే, కల్చర్ (ఏ సూక్ష్మజీవి ఉందో, దానిమీద ఏ మందు పనిచేస్తుందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు వచ్చి మందు మార్చేలోపు రెండు మూడు రోజులు చికిత్స లేనట్టే గడుస్తుంది.

సమయం విలువ ఎంతో 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయిన 2,731 మందిని పరిశీలిస్తే, సరైన యాంటీబయాటిక్ మొదటి గంటలో పడినవాళ్లలో దాదాపు 80 శాతం బతికారు. ఆ తర్వాత మొదటి ఆరు గంటల్లో ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. ఆదోని నుంచి కర్నూలుకు అంబులెన్సులో రెండు గంటలకు తక్కువ పట్టదు. కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా 200 కిలోమీటర్ల పైమాటే. బీపీ పడిపోతున్న రోగిని మొదటి డోసు ఇవ్వకుండా బండెక్కించడమంటే ఆ గంటలన్నీ రోడ్డు మీద పోసినట్టే. ముందు కల్చర్‌కు రక్తం తీయాలి, వెంటనే డోసు ఇవ్వాలి, ఆ తర్వాతే బండి. కల్చర్‌కు రక్తం రెండు వేర్వేరు చోట్ల నుంచి తీయాలి, పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. పోయాలి. రెండు మూడు మి.లీ. పోసి పంపితే, రక్తంలో సూక్ష్మజీవి ఉన్నా పెరగకపోవచ్చు. డోసు పడ్డాక తీసినా అంతే. “ఏమీ పెరగలేదు” అని వచ్చిన రిపోర్టును చూసి ఇన్ఫెక్షన్ లేదనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

పక్కన కూర్చున్న బంధువులకు మానిటర్ చదవడం రాకపోవచ్చు. మూడు విషయాలు మాత్రం ఎవరైనా చూడగలరు. నిమిషానికి 22 సార్లు, అంతకు మించి ఊపిరి పీల్చడం ఒకటి. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడటమో, మగతగా ఉండటమో రెండోది. యూరిన్ బ్యాగులో గంటకు పడే మూత్రం కిలో బరువుకు అర మి.లీ. కన్నా తగ్గడం మూడోది. 60 కిలోల మనిషికి అది గంటకు 30 మి.లీ. జ్వరం ఉండే తీరాలని లేదు. ముసలివాళ్లలో ఒళ్లు చల్లబడటం కూడా ఇన్ఫెక్షన్ గుర్తే. వీటిలో ఏది కనబడినా రౌండ్స్ దాకా ఆగకుండా సిస్టర్‌కు చెప్పాలి.

ఇక గొట్టాల సంగతి. మూత్రం గొట్టం వేసిన తర్వాత మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరతాయి. గొట్టం లోపలి గోడకు అవి జిగురు పొరలా అతుక్కుంటాయి. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. అందుకే గొట్టం ఉంచి యాంటీబయాటిక్ మాత్రం మార్చుకుంటూ పోతే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, నేలను మాత్రం తాకకూడదు. స్కానింగుకు తీసుకుపోయేటప్పుడు స్ట్రెచర్ మీద రోగి కాళ్ల మధ్య బ్యాగు పెట్టడం మన దగ్గర మామూలు. ఆ పది నిమిషాల్లోనే బ్యాగులోని మూత్రం వెనక్కి మూత్రాశయంలోకి పోవచ్చు. కదిలించే ముందు బ్యాగు ఖాళీ చేయండి. గొట్టానికీ బ్యాగుకూ మధ్య అతుకును ఊడదీయకండి. అన్నిటికన్నా ముందు, పక్క తడుస్తుందని, ఆయా లేదని గొట్టం వేయించకండి.

మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ ఇంకా ప్రమాదకరం, దాని కొస గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరలోనే ఉంటుంది కాబట్టి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు ఐదు పనులను తు.చ. తప్పకుండా చేశాయి: చేతులు కడగడం, రోగిని పూర్తిగా కప్పే స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) గుడ్డ, గౌను, మాస్కు, టోపీ వాడటం, చర్మానికి సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ పూయడం, వీలైనంతవరకు తొడ సిరను వదిలేయడం, అవసరం తీరిన లైన్‌ను తీసేయడం. ఈ మెట్లలో ఏది తప్పినా డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. 1,000 లైన్ రోజులకు (ఒక రోగి ఒంట్లో లైన్ ఉన్న ఒక్కో రోజూ ఒక లైన్ రోజు) సగటున 7.7 ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు 18 నెలల్లో 1.4కు దిగాయి. ఖరీదైన యంత్రమేదీ కొనలేదు. మన దగ్గర క్లోర్‌హెక్సిడిన్ దొరుకుతుంది, గుడ్డలు దొరుకుతాయి. “సార్, ఆగండి” అని సిస్టర్ అనగలిగే ధైర్యం దొరకడమే కష్టం.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, నోరు రోజూ శుభ్రం చేయాలి, మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీయగలరా అని ప్రతిరోజూ చూడాలి.

నీళ్లతో వచ్చే ముప్పును మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఆక్సిజన్ గొట్టానికి ముందుండే బుడగల సీసాలో నీళ్లు తగ్గితే, తాగే బాటిల్ ఎత్తి పోసేస్తారు. సూడోమోనాస్‌కు అంతకన్నా మంచి ఇల్లు లేదు. ఆ సీసాను రోజూ ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, స్టెరైల్ నీళ్లే పోయాలి. పాత నీళ్ల మీద కొత్త నీళ్లు కలపకూడదు. పెద్దవాళ్లకు నిమిషానికి 4 లీటర్ల లోపు ఆక్సిజన్ పెడుతుంటే అసలు ఆ నీళ్లే అక్కర్లేదు. సెలైన్ సరిగా దిగడం లేదని సీసా నెత్తిన సూది గుచ్చడం ఇంకో అలవాటు. వార్డు గాలి, దానితోపాటు దుమ్ము, ఆ సూదిలోంచే సీసాలోకి పోతాయి. గాలి అక్కర్లేకుండా తనంతట ముడుచుకునే మెత్తని సెలైన్ బ్యాగులు దొరుకుతున్నాయి, అవి వాడాలి.

నేల మీద రక్తం పడితే ముందు గుడ్డో కాగితమో కప్పి, దానిమీద 1 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) పోసి కనీసం 10 నిమిషాలు వదిలి, తర్వాత తుడవాలి. 5 శాతం హైపో ఒక వంతుకు నీళ్లు నాలుగు వంతులు కలిపితే 1 శాతం అవుతుంది. తాజా బ్లీచింగ్ పౌడరైతే లీటరుకు 33 గ్రాములు. ఇది పొద్దున కలిపింది మర్నాటికి పనికిరాదు. వేడికీ వెలుతురుకూ క్లోరిన్ ఎగిరిపోతుంది. మన మే నెల ఎండల్లో కిటికీ పక్కన క్యాను పెడితే మిగిలేది వాసనే. ఫినాయిల్ ఘాటుగా కొడితే వార్డు శుభ్రంగా ఉందనుకోవడం కూడా ఇలాంటిదే. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో హైపోను ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. వియన్నాలో 1847లో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేత చేతులు కడిగించింది ఈ బ్లీచింగ్ సున్నం నీళ్లతోనే. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి వచ్చాయి.

ఇప్పుడు చేతులకు ఆల్కహాల్ రబ్ ఉంది, 20 నుంచి 30 సెకన్లు రుద్దితే చాలు. చేతులకు మురికి కనబడుతుంటే, రోగికి నీళ్ల విరేచనాలు ఉంటే మాత్రం సబ్బూ నీళ్లే, 40 నుంచి 60 సెకన్లు. గ్లోవ్స్ వేసుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతే చేతులు కడగనట్టే. ఎసినెటోబాక్టర్ పొడి మంచం కమ్మీ మీద వారాల తరబడి బతుకుతుంది. మీ ఫోను ఆ కమ్మీ మీద పెట్టి, తర్వాత చెవికి పెట్టుకుని, అదే చేత్తో అమ్మకు ముద్ద పెట్టకండి. ఐసీయూలో ఇంటిల్లిపాదీ చూసి రావడం ప్రేమే, నాకు తెలుసు. ఒక్కరే ఉండి చేతులు శుభ్రంగా ఉంచుకుంటే రోగికి ఇంకా మేలు.

ఆపరేషన్ ఉన్నవాళ్లు ముందురోజు రాత్రి బ్లేడుతో గొరిగించుకోవద్దు. కంటికి కనబడని గాట్లు పడి అక్కడ సూక్ష్మజీవులు చేరతాయి. తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి. యాంటీబయాటిక్ కోతకు ముందు, సాధారణంగా గంట లోపు పడాలి. మామూలు ఆపరేషన్‌కు ఆ తర్వాత ఐదారు రోజులు ఇంజెక్షన్లు పొడిగిస్తే లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. “గట్టి మందు రాయండి సార్” అని అడిగే బంధువులు, రాసే డాక్టర్లు ఇద్దరూ కలిసే ఈ రాటుదేలిన జీవులను పెంచుతున్నారు.

చివరగా రెఫరల్ చీటీ. నర్సింగ్ హోం నుంచి పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాదుకు మనిషి మారినప్పుడు ఒంటి మీది సూక్ష్మజీవి కూడా వెంటే పోతుంది. “మెరుగైన చికిత్స కోసం” అని ఒక్క ముక్క రాసిన చీటీ అవతలి డాక్టరుకు ఎందుకూ పనికిరాదు. ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులుగా, చివరి డోసు ఎన్ని గంటలకు. కల్చర్ ఏ ల్యాబుకు పంపారు, రిపోర్టు కోసం ఎవరికి ఫోన్ చేయాలి. ఇంతకుముందు ఏ సూక్ష్మజీవి పెరిగింది. మూత్రం గొట్టం, సెంట్రల్ లైన్, చేతి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే చిన్న గొట్టం) ఒక్కోటి ఏ తేదీన వేశారు. ఇవి ఉంటే మొదటి డోసే సరైన మందుగా ఇచ్చే వీలుంటుంది, పాత గొట్టాలను చేరిన రోజే తీసేయవచ్చు. బండి ఎక్కేముందు ఆ చీటీని, గొట్టాల మీది ప్లాస్టర్లను ఫోనులో ఫొటో తీసుకోండి. ప్లాస్టర్ మీద తేదీ లేకపోతే సిస్టర్‌ను అడిగి, పెన్ను చేతికిచ్చి రాయించండి.