మార్జిన్‌లో మూడుసార్లు 'ఎలా?'

'అంతర్జాతీయ ఆర్థిక సహకారం సుస్థిరాభివృద్ధికి ఎలా తోడ్పడుతుంది?' అని మాక్ టెస్ట్‌లో అడిగారు. నాలుగు పేజీలు నింపాను. 1987 బ్రంట్‌లాండ్ నివేదిక, 1992 రియో సదస్సు, ఐరాస సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, వాటి ఉపలక్ష్యాలు 169, పారిస్ ఒప్పందం... ఏదీ వదల్లేదు. పేపర్ తిరిగొచ్చేసరికి మార్కులు సగం కూడా లేవు. మార్జిన్‌లో మూడు చోట్ల ఎర్ర పెన్నుతో ఒకటే మాట: 'ఎలా?' ఆ రాత్రి కోపంతో నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ చదివితే నాకే తెలిసింది, నేను రాసింది ఒప్పందాల హాజరుపట్టీ.

అప్పట్నుంచి ఏ ఒప్పందం చదివినా మూడే అడుగుతున్నాను. డబ్బు ఎవరిస్తారు? పని ఎవరు చేస్తారు? మాట తప్పితే ఏమవుతుంది?

మాంట్రియల్ ప్రోటోకాల్ దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. సిలబస్ లెక్కన అది ఎక్కువే, కానీ ఈ టాపిక్ నాకు అర్థమైంది అక్కడే. ఫ్రిజ్‌లను చల్లబరచడానికి వాడే, ఓజోన్ పొరను తినేసే క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులను ఆపాలని 1987లో సంతకాలు చేశారు. పేద దేశంలో ఫ్రిజ్‌లు చేసే ఫ్యాక్టరీ ఉందనుకోండి. వాయువు మార్చాలంటే యంత్రాలు మార్చాలి, మనుషులకు శిక్షణ ఇవ్వాలి. ఆ అదనపు ఖర్చు వాళ్లెందుకు పెట్టుకుంటారు? అందుకే 1990లో బహుపాక్షిక నిధి పెట్టారు. సొమ్ము ధనిక దేశాలది. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే కమిటీలో మాత్రం రెండు వైపులా ఏడేసి దేశాలు. వర్ధమాన దేశాలకు పదేళ్ల గడువు అదనం. ఒప్పందంలో చేరని దేశంతో ఆ రసాయనాల వ్యాపారం బంద్, కాబట్టి బయట ఉంటే నష్టమే. 'ఉమ్మడి, కానీ భిన్నమైన బాధ్యతలు' అని అంతకుముందు నేను బట్టీ పట్టిన మాటకు అర్థం ఇదేనని అప్పుడు తెలిసింది.

దీని పక్కన వాతావరణ నిధుల కథ పెట్టి చూడండి. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు 2020కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చాయి. ఎక్కువగా ధనిక దేశాలే సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ లెక్కల ప్రకారం ఆ మొత్తం దాటింది 2022లో. అందులోనూ ప్రభుత్వాల ద్వారా వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం అప్పే. తుపాను దెబ్బ తిన్న దేశానికి ఇంకో అప్పు ఇచ్చి దాన్ని సహకారం అంటే నాకైతే మింగుడు పడదు. జవాబులో ఈ విమర్శ తప్పకుండా రాయండి, కాకపోతే అంకెతో రాయండి.

అప్పునే పనికొచ్చేలా తిప్పిన ఉదాహరణ హిందూ మహాసముద్రంలోని ద్వీప దేశం సీషెల్స్. 2 కోట్ల డాలర్లకు పైగా ఉన్న బాకీని కొంత తగ్గింపుతో తీర్చేసి, ఆ బాకీకి కట్టాల్సిన వాయిదాల సొమ్మును సముద్ర సంరక్షణ ట్రస్టుకు మళ్లించారు. బదులుగా ఇచ్చిన మాట ప్రకారం 2020కల్లా తన సముద్ర జలాల్లో 30 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

వాణిజ్యం కోణానికి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) చేపల సబ్సిడీల ఒప్పందం ఒక్కటి చాలు. 2022లో కుదిరింది, 2025 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. అక్రమ వేటకు, ఇప్పటికే తరిగిపోయిన చేపల వేటకు ప్రభుత్వ సబ్సిడీలు ఆపాలన్నది దాని సారం. ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలన్న 1970 నాటి ఐరాస లక్ష్యం గురించి ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. దాన్ని అందుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

రెండు నెలలయ్యాక అదే ప్రశ్న మళ్లీ రాశాను. ఈసారి రెండున్నర పేజీలే, ఉదాహరణలు మూడే. మార్కులు పెరిగాయి. మార్జిన్‌లో ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది, సీషెల్స్ పేరా పక్కన: 'ఎవరికి బాకీ?' ప్రధానంగా పారిస్ క్లబ్‌కు, అంటే ఇతర దేశాలకు అప్పులిచ్చిన ప్రభుత్వాల బృందానికి. నోట్స్‌లో ఆ ముక్క అప్పుడే చేర్చుకున్నాను.