సూర్యుడు పడమట సెట్ అవుతాడు

జనవరి నెలాఖరు, బుధవారం.

పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. స్నానాల గదిలో నీళ్లు ఒక మూల నిలిచిపోతున్నాయి. అందుకని వాటం సరిచేసి మళ్లీ గచ్చు చేయించాం. పదిన్నరకల్లా పని అయిపోయింది. తాపీ కడుక్కుంటూ, "సెట్ అయ్యేదాకా ఎవరూ అడుగు పెట్టకండమ్మా" అన్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగాను. "సెట్ అవడానికి సాయంత్రం దాకా. గట్టిపడాలంటే మాత్రం వారం రోజులు తడపాలి. రెండూ వేరమ్మా" అని, బొటనవేలి గోరుతో అంచు మీద నొక్కి చూపించాడు. సన్నటి గీత పడింది. ఆ గీత పడకపోతే సెట్ అయినట్టట. లోపల మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుందట.

ఆయన వేలితో చూపించిన దానికి లెక్క కూడా ఉంది. మామూలు సిమెంటు కలిపాక 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలవకూడదు, 10 గంటల్లో పూర్తవ్వాలి. అందుకే ఫ్యాక్టరీలో కాస్త జిప్సం కలుపుతారు. అది లేకపోతే తాపీ ఎత్తేలోపే ముద్ద బిగుసుకుపోతుంది.

వంటింట్లో అమ్మ పెరుగు గిన్నె పక్కకి వంచి చూస్తోంది. రాత్రి చలికి తోడుకోలేదు, పాలలాగే జారింది. "ఇంకాసేపు పొయ్యి పక్కన ఉండనీ" అంది. గచ్చుకైనా పెరుగుకైనా ఇంగ్లీషులో సెట్ అనే అంటారని అప్పుడు నాకు తట్టలేదు. సాయంత్రం ట్యూషన్‌లో తట్టింది.

నా దగ్గరికొచ్చే ఏడో తరగతి పిల్ల, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పడమట అస్తమిస్తాడు అనే ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకి మార్చి నోటుబుక్కు తెచ్చి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. పడమట సెట్ అవుతాడు." పక్కన కూర్చున్న పిల్లలకి అందులో వింతేమీ కనిపించలేదు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. కోపం రాలేదు. ఆ పిల్ల తప్పేముంది? అన్నయ్యకి సంబంధం సెట్ అయింది, ఈ రంగు నీకు సెట్ అవ్వదు, నగల సెట్టు, సెట్ దోశ, కొత్త సినిమా సెట్స్ మీదకి వెళ్లింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇవే వింటుంది. పాపం, సూర్యుణ్ని కూడా వాటి పక్కనే కూర్చోబెట్టింది.

కూర్చోబెట్టింది అని రాశాక గుర్తొచ్చింది, సెట్ పుట్టిందే అలా. ఇంగ్లీషులో కూర్చోవడానికి సిట్ అంటారు కదా, కూర్చోబెట్టడం సెట్. మనకి మునుగు, ముంచు. తిరుగు, తిప్పు ఉన్నట్టే అదొక జంట. చుట్టాలందరూ అబ్బాయి సెటిల్ అయ్యాడా అని అడుగుతారే, ఆ సెటిల్ కూడా ఈ కుటుంబంలోదే, పీట అనే అర్థం ఉన్న పాత మాట నుంచి వచ్చింది. నగల సెట్టు, లెక్కల్లో సమితి అని చదువుకునే సెట్టు మాత్రం వేరే దారిన వచ్చాయి. లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరి, ఈ పాత సెట్‌తో కలిసిపోయాయి. పిల్లలు ఎంసెట్ కూడా ఇదేనా అని అడిగారు. కాదు, అది పరీక్ష పేరులోని మూడు అక్షరాలు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్, మా ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగైన వివరణ సెట్‌దే. 430 అర్థాలు, దాదాపు 60 వేల మాటలు. తర్వాతి సవరణల్లో రన్ దాన్ని దాటేసింది, క్రియగానే 645 అర్థాలు. మూడక్షరాల మాట అంత బరువు మోస్తోందంటే నాకు గౌరవమే కలుగుతుంది. మనవాళ్ల నోట్లో పడ్డాక దానికి ఇంకొన్ని తోడయ్యాయి. పెళ్లి సెట్ అవ్వడం మనం కలిపిందే. తప్పని నేననను, నేనూ అంటాను.

కానీ కుదిరింది అనే మాట ఎంత బాగుంటుంది! మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, సంబంధం సెట్ అయిందే" అన్నాడు. అమ్మకి చెబితే, "కుదిరిందా!" అని రెండు చేతులూ జోడించింది. ఇన్నాళ్లూ అటూ ఇటూ కదిలింది ఒకచోట నిలిచినట్టు వినిపించింది నాకు ఆ మాట.

నోటుబుక్కు పక్కన పెట్టి బోర్డు మీద సెట్ అని రాశాను. "మన ఇళ్లల్లో దీన్ని ఏమంటారో చూద్దాం" అన్నాను. ఉంగరంలో రాయిని? ఒకడి నాన్న కంసాలి, "పొదుగుతారు టీచర్" అన్నాడు. వలని? పన్నుతారు. అలారం? పెడతారు. విరిగిన ఎముకని? కట్టు కడతారు. తిరుపతి దగ్గర పుత్తూరు ఉందని, పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్తారని చెప్పాను. మామిడి పూత రాలి చిన్న కాయ నిలబడితే? ఎవరూ చెప్పలేదు. కిటికీలోంచి మా చెట్టు చూపించాను. కంకికి ఆవగింజలంత పచ్చటి గుళ్లు నాలుగైదు. "పిందె పట్టింది అంటారు" అన్నాను. పట్టింది, పట్టింది అని ఇద్దరు మెల్లగా అనుకున్నారు. అన్నిటికీ సెట్ అనేస్తే ఈ తేడాలన్నీ పిల్లల చేతికి అందకుండానే పోతాయని నా దిగులు. సిమెంటు బిగుసుకోవడం, పెరుగు తోడుకోవడం, పిందె పట్టడం ఒకేలా జరగవు. మేస్త్రీకి సెట్ అవ్వడం, గట్టిపడటం వేరైనట్టే.

ఇంతకీ సూర్యుడు? అస్తమిస్తాడు అని ఒకడు పుస్తకంలోంచి చెప్పాడు. "మన వైపు ఇంకోటి ఉంది, పొద్దు గూకింది అంటారు" అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది, ఎప్పుడూ వినలేదట. చీకటి పడుతోందని అందర్నీ పంపించేశాను.

గేటు దాకా వెళ్లిన పిల్ల మళ్లీ వెనక్కి పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "టీచర్, మా తాతయ్య నన్ను రోజూ తిడతాడు, పొద్దుగూకులా ఆ ఫోన్ ఏంటే అని. ఆ గూకులా ఇదేనా?" అంది.

"అదేనే" అన్నాను.

నోటుబుక్కు అడిగి తీసుకుని, గడప మీదే కూర్చుని, సెట్ అవుతాడు కొట్టేసి కొత్తది రాసుకుని వెళ్లింది.